పప్పు గిన్నెలో పప్పెంత?

హిందూపురంలో ఆహార సలహాలిచ్చే పని నాది. వచ్చినవాళ్లలో సగంమంది అడిగేది ఒకటే: "మేడం, దేంట్లో ప్రోటీన్ ఎక్కువ?"

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు నా బల్లమీదే ఉంటాయి. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్, ఉలవల్లోనూ అంతే. శెనక్కాయ విత్తనాల్లో 24కు దగ్గర, కోడిగుడ్డులో 13, రాగుల్లో 7. ఈ వరుస చూస్తే గుడ్డుకన్నా పప్పే మేలనిపిస్తుంది. అయితే పట్టికలో ఉన్నది ఎండుపప్పు. ఉడికితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, వంద గ్రాముల ముద్దపప్పులో దక్కేది ఏడెనిమిది గ్రాములే. గుడ్డు ఉడికినా అంతే ఉంటుంది, ఒక్కదానితో ఆరు గ్రాములు దాటుతాయి.

అందుకే ఇళ్లకు వెళ్తే వంటగదిలో కొలత చూస్తాను. ధర్మవరంలో మగ్గం నేసే ఒక ఇంట్లో కోడలికి ఎనిమిదో నెల. "పప్పు దినామూ చేస్తాండాం మేడం, ఇంకేం తక్కువ?" అంది అత్తగారు. ఎంత వేస్తారో చూపించమన్నాను. టీ గ్లాసుడు. తూచితే వంద గ్రాములు, తినేవాళ్లు ఐదుగురు. మనిషికి నాలుగు గ్రాముల చిల్లర! 55 కిలోల ఆడమనిషికి రోజుకు దాదాపు 46 గ్రాములు కావాలి, చివరి మూడు నెలల్లో ఇంకో 22 కలపాలి. అన్నంలోంచి కొంత వస్తుంది గానీ చాలదు. పైగా అంగన్‌వాడీ వాళ్లిచ్చే గుడ్డు ఆ అమ్మాయి పెద్దబిడ్డకే పెడుతోంది. చాలామంది తల్లులు చేసే పనే అది. గుడ్డు నీ వాటా, బిడ్డకు ఇంకోటి ఉడకబెట్టు అని చెప్పాను. పప్పు రెండు గ్లాసులు వెయ్యమని, మజ్జిగ బదులు గట్టి పెరుగు పెట్టమని అత్తగారికి చెప్పాను. ఆవిడ వాదించలేదు. లెక్క ఎవరూ చెప్పలేదంతే.

పెనుకొండ పల్లెల్లో ఇంకో చిక్కు. రాగిముద్ద, శెనక్కాయలతో నూరే ఊరిబిండి ఇక్కడివాళ్లకు ప్రాణం, నాకూ ఇష్టమే. కానీ రాగుల్లో, శెనక్కాయల్లో రెంటిలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఒకదాని లోటు ఇంకోటి తీర్చలేదు. ఉలవలు, అలసందలు, కంది, అనపల్లో లైసిన్ దండిగా ఉంటుంది. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, తోలు వలిచి చేసే పితికిపప్పు కూర ముద్దకు సరైన జత. పెద్దవాళ్లు రుచికోసం కలిపినా ఒంటికీ అదే సరిపోయింది. శెనక్కాయల్లో నూనె కూడా ఎక్కువే. బక్కపలచని పిల్లలకు గుప్పెడు పెట్టమంటాను, బరువు తగ్గాల్సినవాళ్లకు చెయ్యి బిగబట్టమంటాను.

ఉలవచారు తాగితే బలమనేవాళ్లకు నేను చెప్పేది, గింజలు పశువులకు పోసెయ్యొద్దని. ప్రోటీన్‌లో ఎక్కువ పాలు గింజల్లోనే ఉండిపోతుంది. చారు తాగండి, గుగ్గిళ్లు తాలింపు పెట్టుకుని తినండి.

ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక పెనుకొండ వైపు గదులు తీసుకుని ఉండే కుర్రాళ్లు పెరిగారు. జిమ్‌కు పోయే ఒకతను ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చి, మంచిదేనా అని అడిగాడు. ఏం తింటున్నావంటే హోటల్లో సాంబారన్నం, రాత్రికి పరోటా. ముందు గదిలో గుడ్లు ఉడకబెట్టుకో, పాలు తాగు, అప్పుడూ చాలకపోతే డబ్బా సంగతి చూద్దామన్నాను. సరేనన్నాడు. ఆ డబ్బా ఊర్లో నాన్నకు పంపిస్తానన్నాడు. నాన్నకు చాలా ఏళ్లుగా షుగరు, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయట. అది మాత్రం వద్దే వద్దన్నాను. కిడ్నీలు నీరసించిన మనిషి ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరు రక్తపరీక్షలు చూసి తేల్చాలి. రిపోర్టులు తీసుకుని నాన్నను ముందు డాక్టరుకు చూపించమన్నాను.