అప్పట్లో నేనూ టీమ్ క్యాపే

2016 మే. ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ చూసి బయటికొచ్చేసరికి మా కాలేజీ బ్యాచ్ రెండు ముక్కలైంది. సగం టీమ్ క్యాప్, సగం టీమ్ ఐరన్ మ్యాన్. నేను రెండో ఆలోచన లేకుండా క్యాప్ వైపు. ఫ్రెండ్ కోసం అందర్నీ ఎదిరించేవాడు హీరో కాక ఇంకెవరు!

గొడవ మొదలయ్యేది సొకోవియా ఒప్పందం దగ్గర. అవెంజర్స్ వెళ్లిన ప్రతిచోటా విలన్ ఓడిపోతాడు, సరే. కూలిన బిల్డింగుల కింద పోయినవాళ్ల సంగతేంటి? లాగోస్‌లో జనం మధ్య జరగాల్సిన పేలుడును వాండా పైకి లేపితే, అది పక్క భవనాన్ని పేల్చేస్తుంది. ఇకమీదట ఐక్యరాజ్యసమితి చెబితేనే కదలాలని 117 దేశాలు అంటాయి. టోనీ సంతకం పెడతాడు. సొకోవియాలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి అతన్ని నిలదీసింది మరి. స్టీవ్ పెట్టడు. ఆ పెద్దల లెక్కలు రేపు మారితే ఎలా అన్నది అతని భయం. ఇద్దరిదీ న్యాయమే. నిజం చెప్పొద్దూ, అప్పుడు మాకు ఇదంతా ఎయిర్‌పోర్ట్ ఫైట్ వచ్చేదాకా టైమ్‌పాస్!

తర్వాత ఉద్యోగమొచ్చి, కూకట్‌పల్లిలో ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నాం. ఒకడు మా ఊరివాడు, ఒకటో తరగతి నుంచీ నాతోనే. ఇంకొకడు ఆఫీసులో పరిచయం. అద్దె డబ్బులు మావాడి చేతికిచ్చేవాళ్లం. వాడు రెండు నెలల అద్దె బెట్టింగ్ యాప్‌లో పోగొట్టాడు. ‘‘ఎవరికీ చెప్పకురా, జీతం రాగానే సర్దేస్తా’’ అన్నాడు. సరేనన్నా. చిన్నప్పటి ఫ్రెండ్ కదా.

ఓనర్ ఒకరోజు తలుపు కొట్టాడు. మా మూడోవాడు చెల్లెలి ఫీజుకని దాచుకున్న డబ్బులు తీసి కట్టేశాడు. డబ్బు గురించి పెద్దగా అనలేదు. నావైపు తిరిగి, ‘‘నీకు ముందే తెలుసా మామా?’’ అన్నాడు. ‘‘పూర్తిగా తెలీదు’’ అన్నా. మళ్లీ అడిగాడు. తలొంచుకున్నా.

ఆ నెలలోనే వాడు రూమ్ ఖాళీ చేశాడు.

మొన్నామధ్య ఫోన్లో ఆ సినిమా మళ్లీ పెట్టా. సైబీరియా సీన్. 1991 డిసెంబర్ 16 నాటి వీడియోలో టోనీ అమ్మానాన్నల్ని బక్కీ చంపడం కనిపిస్తుంది. టోనీ ముందు బక్కీ మీదికి వెళ్లబోయి ఆగి, స్టీవ్‌ని అడుగుతాడు, నీకు తెలుసా అని. స్టీవ్ మొదట తప్పించుకోబోతాడు. రెండోసారి అడిగితే ఒప్పుకుంటాడు. అక్కడ పాజ్ కొట్టి కాసేపలాగే కూర్చున్నా.

బక్కీ తన స్పృహలో లేడు. అతని మెదడు హైడ్రా చేతిలో ఉంది. కాబట్టి అతన్ని కాపాడటంలో స్టీవ్ తప్పు నాకిప్పటికీ కనిపించదు. కానీ టోనీ పక్కనే కూర్చుని, కలిసి పనిచేస్తూ, అన్నాళ్లు ఆ మాట దాచాడే... టోనీకి బాధ తప్పిస్తున్నాననుకున్నాడు గానీ, నిజానికి టోనీ ముఖం చూసే ధైర్యం లేని తనని కాపాడుకున్నాడు. చివర్లో ఉత్తరంలో ఆ సంగతి తనే ఒప్పుకుంటాడు. ఉత్తరంతోపాటు ఒక పాత ఫ్లిప్ ఫోన్ కూడా పంపిస్తాడు.

టోనీ దాన్ని పారేయలేదు. 2018లో వచ్చిన ‘ఇన్ఫినిటీ వార్’లో అది అతని దగ్గరే ఉంటుంది.

నేనూ పెద్ద మెసేజే పెట్టా, ఫీజు డబ్బులతో పాటు. డబ్బులు తీసుకున్నాడు. మెసేజ్‌కి బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు. బ్లాక్ మాత్రం చేయలేదు. డీపీ ఇంకా కనిపిస్తోంది.