అమ్మ గొంతు, మా గొంతు

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. ఇద్దరి కాపురాలూ డెట్రాయిట్ చుట్టుపక్కలే. మా చిన్నప్పుడు నాన్నగారికి పాడేరు వైపు ఉద్యోగం. అక్కడున్న ఏళ్ళలోనే అమ్మకు గొంతు కింద కాయలా లేచింది. పేరంటానికి వెళ్ళినా, ఎవరైనా ఫొటో తీస్తామన్నా కొంగు గొంతు మీదికి లాక్కునేది. దిష్టి తీయించారు గాని డాక్టరుకు చూపించలేదు.

కిందటేడు మాలో చిన్నదాని గొంతులో గడ్డ కనబడింది. "అమ్మదే వచ్చింది, ఫరవాలేదు" అనుకుని ఆరునెలలు మాలో మేమే దాచుకున్నాం. పొరపాటంతా అక్కడే జరిగింది.

అమ్మది వేరు. థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ చాలకపోతే హార్మోను సరిగా తయారు కాదు. అప్పుడు మెదడు కింది పీయూష గ్రంథి, టి.ఎస్.హెచ్. చేత కబురు మీద కబురు పంపుతుంది. అది అందుకున్న కణాలు పెరుగుతాయి, రెట్టింపవుతాయి. అంటే పాపం, ఆ గ్రంథి చెప్పిన మాట వినే పెరిగింది. దానికి విరుగుడు ఉప్పులో ఉంది. మేముంటున్న ఈ మిషిగన్‌లోనే 1924లో అయొడిన్ ఉప్పు అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1956లో కాంగ్రా లోయలో మొదలైన పరిశోధన ఆ ఉప్పు గుణాన్ని రుజువు చేసింది. దాన్ని నడిపినవారిలో ముఖ్యులు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు.

చిన్నదానికి సూది పరీక్షలో పాపిల్లరీ కాన్సరని తేలింది. కణంలో బి-రాఫ్ అనే ప్రొటీను ఒకటుంది. బయటి నుంచి కబురొస్తే దాన్ని మెక్‌కు అందిస్తుంది, మెక్ ఎర్క్‌కు అందిస్తుంది, ఎర్క్ కణాన్ని పెరగమంటుంది. పని కాగానే అన్నీ ఊరుకుంటాయి. బి-రాఫ్‌లో 600వ స్థానంలో ఒక్క అమినో ఆమ్లం మారితే మాత్రం ఊరుకోదు. ఎవరూ పిలవకపోయినా పలుకుతూనే ఉంటుంది. ఈ రకం కాన్సర్లలో సుమారు సగంలో కనిపించేది ఈ మార్పే. చిన్నదానిలోనూ అదే. దీనికి ఉప్పు పనిచెయ్యదు.

ఆపరేషనయింది. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటోంది. మొన్న ఉగాది సభకు బయల్దేరుతూ గొంతు మీది మచ్చ కనబడకుండా కొంగు లాక్కోబోయి, ఆగిపోయింది. ఇద్దరికీ అమ్మే గుర్తొచ్చింది.

గడ్డలన్నీ కాన్సర్లు కావు. నూటికి తొంభై ప్రమాదం లేనివే. కాని ఏది ఏదో పైకి చూస్తే తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా గొంతు కప్పుకుంటుంటే, మొహమాటపడకుండా అడగండి. మేము అడగలేదు.