అంగడి చేపలు

దుఃఖములో నున్నవానిని వర్ణింపవలసి వచ్చినప్పుడు, గట్టున బడిన చేపవలె గిలగిల కొట్టుకొనుచున్నాడని మనము చెప్పుదుము. నీరు బాసిన చేప బాధ మన భాషకు బాగుగా తెలియును. నీటిలో నుండియే చేప బాధపడగలదను సంగతి మాత్రము మనకు తోచినట్లు లేదు. ‘నీరున్నది గదా, దానికింకేమి కొఱత?’ అను తలంపుతోడనే వేడుకచేపల క్రయవిక్రయములు సాగుచున్నవి.

మన యిండ్ల గాజుతొట్లకు వచ్చు చేపలు కోల్‌కతా పరిసరములనుండియు, చెన్నైలోని కొళత్తూరునుండియు విస్తారముగా వచ్చును. ప్రయాణమునకు ముందు ఒకటి రెండు దినములు వానికి మేత పెట్టరు. ఇది క్రూరత్వము కాదు. కడుపు నిండిన చేప నీటిని త్వరగా మలినపఱచును. పిమ్మట ప్లాస్టిక్కు సంచిలో మూడవవంతు నీరు పోసి, తక్కినంతయు ప్రాణవాయువుతో నింపి, మూతి బిగించి, థర్మోకోలు పెట్టెలో పెట్టుదురు.

దారిలో చేప ఊపిరివలన బొగ్గుపులుసు గాలియు, మొప్పలనుండి అమ్మోనియాయు నీట చేరును. ఆ గాలి నీటికి పులుపు గూర్చుటచే అమ్మోనియా విషము కొంత యణగియుండును. సంచి విప్పగానే గాలి వెడలిపోవును. అణగిన విషము విజృంభించి మొప్పలను కాల్చును. కావున దూరమునుండి వచ్చిన సంచిని విప్పి, ఆ నీటిలోనే చేపను గంటలకొలది నిలుపుట హానికరము. మూసిన సంచిని తొట్టిలో తేలనిచ్చి, రెండు నీళ్ల వేడిమి సమమైన పిదప విప్పి, చేపను మాత్రము వెంటనే శుభ్రమైన నీటిలోనికి మార్చవలెను.

అంగడి చేరినంతమాత్రమున కష్టము తీరదు. ఫైటరు చేపలలో మగవి యొకదాని నొకటి చంపుకొనును గనుక వేఱువేఱుగా నుంచుట న్యాయమే. కాని గ్రుక్కెడు నీటి గ్లాసులలో నుంచుట న్యాయము కాదు. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు, కొంచెము నీరు చాలునందురు. గాలి పీల్చినంతమాత్రమున దాని మాలిన్యము దానిని కాల్చక మానునా? థాయిలాండు వెచ్చని నీళ్ల జాతియది. చలికాలపు రాత్రి చిన్న గ్లాసులోని నీరు ఎంతలో చల్లబడును!

ఒకమారు మేము హైదరాబాదులో నొక యంగడికి పోయినప్పుడు, అట్టి గ్లాసు అడుగున ఒరిగియున్న నీలపుచేపను జూచి మా పిన్నిగారు, “అయ్యో పాపము! దీనిని మనమైన గొనిపోయి బ్రతికింతము” అనిరి. వర్తకుడు సంతోషముతో సంచి తెచ్చెను. “పిన్నీ, ఈ గ్లాసు ఖాళీయైనచో రేపు దీనిలో మఱియొక చేప చేరును గదా” అంటిమి. “అట్లయిన దీనిని చావనిమ్మందువా, నాయనా?” అని యామె యడిగిరి. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె చేపను కొనలేదు. ఇల్లు చేరువఱకు మాతో మాటాడనులేదు.

ఆమె జాలి తప్పని మేము చెప్పజాలము. చేపకు బాధ తెలియదను వాదము నిలువదు. 2003లో లిన్ స్నెడన్ మొదలగు శాస్త్రజ్ఞులు ట్రౌటు చేపల పెదవులలో మంటగొలుపు ద్రవము నెక్కించి చూడగా, అవి చాలసేపు మేత ముట్టక, పెదవులను గులకరాళ్లకు రుద్దుకొన్నవి. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, మనుష్యుడుగాక ప్రాణమున్న ప్రతిదియు జంతువేయనుచున్నది. అనవసరమైన బాధ కలుగునట్లు తరలించుటయు, కదలుటకు చాలనంత యిఱుకున బంధించుటయు నేరములని చెప్పుచున్నది.

కాని రోగపుచేపకు మనమిచ్చు రూకలు వర్తకునికి రోగమువలన నష్టము లేదని నేర్పును. జాలి యొక చేపతో నిలిచిపోక, రాబోవు చేపలను గూడ తలపవలెను. కొనకుండ మౌనముగా వచ్చుటయు చాలదు. ఎందుకు కొనలేదో చెప్పి రావలెను. చేపలెప్పుడు వచ్చినవి? మేత తినుచున్నవా? నీరెన్నాళ్లకు మార్చుదురు? తొట్టిలో చచ్చినవి తేలుచుండగా తీయరేల? ఇట్లు నలుగురు గృహస్థు లడిగినచో వర్తకుడు వినకపోడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అడుగుటకు నోరులేని ప్రాణి పక్షమున అడుగవలసినవారము మనమే.