రేకుపెట్టెలో మెడల్, చికాగోలో ఒక హాలు

మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. యూనిఫాంలో సెలవుకొచ్చినా ఊరి టీకొట్టులో ఆయనకి వేరే గ్లాసే. మెడల్ మా నాయనమ్మ రేకుపెట్టెలో ఉండేది.

మొన్న క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "మనల్ని మనుషులుగా చూడని రాజ్యం కోసం మనోళ్ళు యుద్ధాలెందుకు చేశారు సార్?" వెంటనే జవాబు రాలేదు. చికాగో గుర్తొచ్చింది.

అక్కడి నల్లవాడ బ్రాంజ్‌విల్‌లో 1914-15లో ఒక హాలు కట్టారు. ఎయిత్ రెజిమెంట్ ఆర్మరీ. అమెరికాలో నల్లజాతి రెజిమెంట్ కోసం కట్టిన మొదటి సైనిక భవనం అదే. ఆ రెజిమెంట్‌లో ఆఫీసర్లూ నల్లవాళ్ళే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్ళాక మాత్రం వాళ్ళ కల్నల్ ఫ్రాంక్లిన్ డెనిసన్‌ని తప్పించి తెల్ల కల్నల్‌ని పెట్టారు. 1919 ఫిబ్రవరిలో తిరిగొస్తే ఊరేగింపు. జూలైలో జాతి దాడులు. 38 మంది చనిపోయారు, అందులో 23 మంది నల్లవాళ్ళు. అప్పుడు తమ వాడకి కాపలా నిలబడ్డవాళ్ళలో ఈ మాజీ సైనికులూ ఉన్నారు.

ఆ అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. యుద్ధం రాజ్యానిది. నేర్చుకున్న ధైర్యం మాత్రం వాడది. 1890ల్లో బ్రిటిష్ వాళ్ళు మహర్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేస్తే, మళ్ళీ తీసుకోమని మహర్లు అర్జీలు పెట్టింది ఇందుకే. 1927 జనవరి 1న బాబాసాహెబ్ కోరేగావ్ స్తంభం దగ్గరికి వెళ్ళిందీ ఇందుకే. అదే దశాబ్దంలో బ్రాంజ్‌విల్‌లోనూ ఈ సైనికులకి విజయస్తంభం లేచింది.

1948లో ట్రూమన్ ఉత్తర్వుతో అమెరికా సైన్యంలో వేరు దళాల విధానానికి కాలం చెల్లింది. అది గెలుపే. కానీ 1960ల్లో ఆ హాలు మూతపడి, మూడు దశాబ్దాలకు పైగా పాడుబడింది. వాడ వదల్లేదు. 1999లో అదే భవనంలో పిల్లల బడి తెరిచారు.

వేరే గ్లాసు పోవాల్సిందే. ఆ గ్లాసులో తాగినోళ్ళ కథ మాత్రం పోకూడదు.

నాయనమ్మ పోయాక ఆ రేకుపెట్టెని పాత సామాన్లోడికి వేశాం. మెడల్ అందులోనే పోయింది. అప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. దళిత సాహిత్యం మీదే. పెట్టె మూత తెరిచి చూడాలని కూడా నాకు తోచలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికెళ్తే మీ పెట్టెలు తెరవండి. తాత పేరు, యూనిట్ పేరు, ఊరి పేరు రాసిపెట్టండి. హాలు తర్వాత కట్టుకోవచ్చు.

జై భీమ్.