చంటి చేతికో పని

పిల్లలున్న ఇంట్లో పండుగ పని ఒక పట్టాన తెమలదండీ. గడపకి పసుపు రాస్తుంటే ఒకరు వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టేస్తారు. ముగ్గు వేస్తుంటే ఇంకొకరు చుక్కల మధ్యనుంచి నడిచిపోతారు. అవతల నైవేద్యం వేళ మించిపోతూ ఉంటుంది. "కాసేపు బయట ఆడుకోండమ్మా, ఇదయ్యాక పిలుస్తాను" అనెయ్యాలనిపిస్తుంది ఏ తల్లికైనా. అనకండి. ఈ పూట మీతో చెప్పుకోవాలనుకున్న కబురు ఇదే. ఆ చంటి చేతుల్లో ఓ పని పెట్టండి. ఊరికే ఊరుకోబెట్టడానికిచ్చే పని కాదు, వాళ్లు చెయ్యకపోతే పూజ ఆగిపోయేంత పని.

మాది రాజమండ్రి. పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి దేవుడంటే ఇలా, భక్తంటే ఇలా అని చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. ఉగాది ముందు రోజు చీకటితో లేపి, పాత చీర ఒకటి చేతికిచ్చి, "పదండి, వేపపువ్వు రాలుతోంది" అంటారు. అంతే.

సందు చివర వేపచెట్టు కింద ఆ చీర పరిచి కాసేపు ఆగితే చాలు, సన్నగా రాలుతూనే ఉంటుంది పువ్వు. ఎండెక్కితే వాడిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. ఇంటికి తెచ్చాక చేటలో పోసి పుల్లలు ఏరడం బాబు పని. ఒక్కో పువ్వునీ రెండు వేళ్లతో పట్టుకుని తీస్తాడు. చీమ కనబడితే పని ఆపి, అది చేట దిగేదాకా చూస్తాడు. మనం చేస్తే ఐదు నిమిషాల పని, వాడికి గంట పడుతుంది. పట్టనివ్వండి. మర్నాడు పచ్చడి చేతిలో వేస్తే, ఏ చేదూ నోట పెట్టని పిల్లవాడు, "ఈ పువ్వు నేను ఏరిందే" అని చూపించి మరీ తిన్నాడు. ఆరు రుచులూ జీవితంలోని కష్టసుఖాలని మనం అప్పుడే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. నాలుగేళ్లవాడికి ఆ చేదు చాలు, వెనకాలే తగిలే బెల్లమూ చాలు.

శ్రీరామనవమికి పానకంలోకి మిరియాలు దంచేది పాప. ఘాటు తుమ్ములు తెప్పించినా రోలు వదలదు. ఆ తరవాత ఎండలు ముదిరి, ముంజలూ మామిడిపళ్లూ ఆవకాయ జాడీలూ వచ్చేస్తాయి. ఆ రెండు నెలలూ దేవుడికీ పిల్లలకీ కూడా సెలవులే అనుకోవాలి. మళ్లీ ఆషాఢంలో గోరింటాకు రుబ్బుకునేదాకా పెద్ద హడావిడి ఉండదు.

మధ్యలో ఓ మాట. పాప ఒకరోజు అడిగింది: "నా పుట్టినరోజు ఎప్పుడూ ఒకే తేదీన వస్తుంది కదమ్మా, వినాయకచవితి ఎందుకు మారిపోతుంది?" మంచి ప్రశ్న కదండీ! గోడమీద క్యాలెండరు దించి దాని ముందు పెట్టాను. చంద్రుణ్ని బట్టి లెక్కేసే ఏడాదికి దాదాపు 354 రోజులే. అంటే సూర్యుడి ఏడాదికి సుమారు పదకొండు రోజులు తక్కువ. అందుకని పండుగలు ఏటేటా కాస్త ముందుకి జరుగుతూ వస్తాయి. ఆ తేడా పేరుకుని నెలంత అయ్యేసరికి ఒక అధికమాసం వేసి సరిచేస్తారు. 2023లో అలాగే రెండు శ్రావణాలు వచ్చాయి. 2022లో ఆగస్టు 31న చేసుకున్న చవితి 2024లో సెప్టెంబరు 7కి వచ్చింది. సంక్రాంతి మాత్రం సూర్యుడి పండుగ కాబట్టి జనవరి 14, 15 దాటి ఎటూ పోదు. అంతా విని, "అయితే చవితి చందమామ పండుగ, సంక్రాంతి సూర్యుడి పండుగ" అని తేల్చుకుంది. ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు "అదంతే, పెద్దవాళ్లు పెట్టారు" అని కొట్టిపారెయ్యకండి. తెలిసినంతవరకు చెప్పండి. అడిగి తెలుసుకున్న పిల్లకి నమ్మకం తగ్గిపోతుందన్న భయం నాకు లేదు.

చవితి అంటే నాకు మహా ఇష్టం. పూజకి 21 రకాల పత్రి కావాలి కదా. బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. కొనండి, తప్పులేదు, అమ్మేవాళ్లూ బతకాలి. కానీ ఆ కట్టలో ఏ ఆకు ఏదో పిల్లలకీ తెలియదు, చాలా ఇళ్లలో పెద్దలకీ తెలియదు. అందుకని ముందు రోజు సాయంత్రం అత్తయ్యగారూ పిల్లలూ సంచీ పట్టుకుని బయల్దేరతారు. భాద్రపదం నాటికి వానలు పడి ఖాళీ స్థలాల్లో మొక్కలన్నీ ఏపుగా పెరిగి ఉంటాయి. గరిక తెంపేది బాబు. మూడు పోచలు కలిసి ఉన్న చివరలే కావాలని నాన్నమ్మ చెప్పింది కాబట్టి నేలమీద బోర్లా పడుకుని వెతుకుతాడు. పాపకి ఉత్తరేణి ఏదో గౌను అంచే చెప్పింది. దాని గింజలు బట్టలకి అంటుకుని ఇంటిదాకా వస్తాయి కదా. మాచీపత్రిని వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తుంది. రేగు దగ్గర ముళ్లు, మారేడు దగ్గర మూడు ఆకులు, రావి దగ్గర ఆ తోకలాంటి మొన. ఇవన్నీ దానికిప్పుడు చుట్టాల మొహాల్లా తెలుసు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వం. విషపు మొక్కలు, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. అవి పెద్దవాళ్లే కోసి, వెంటనే చేతులు కడుక్కుంటారు. మీరూ ఈ జాగ్రత్త మరిచిపోకండి.

మర్నాడు మావారు పుస్తకం చూసి పేర్లు చదువుతుంటే ఆకు అందించేది పాపే. "బదరీపత్రం" అనగానే రేగాకు, "దూర్వాయుగ్మం" అనగానే గరిక. ఓసారి ఆయన గబగబా రెండు పేర్లు చదివేస్తే, "ఆగండి నాన్నా, మద్ది ఇంకా వెయ్యలేదు" అని పూజ నిలబెట్టింది. ఆయన పుస్తకం మీద వేలు పెట్టి ఆగారు.

కార్తీకంలో గోదావరి గట్టున అరటిదొప్పల్లో దీపాలు వదలడం, నాగులచవితికి చిమ్మిలి ఉండలు కట్టడం మీకు చెప్పేపనేముంది. మార్గశిరంలో ధనుర్మాసం పెట్టగానే మా వాకిట్లో ముగ్గులు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే పై వాటావాళ్లు క్రిస్మస్ నక్షత్రం వేలాడదీస్తారు. దాన్ని కట్టేటప్పుడు నిచ్చెన దగ్గర తీగ చుట్ట పట్టుకుని నిలబడేది మా బాబే. వాళ్లింటినుంచి కేకు దిగుతుంది, మా ఇంటినుంచి అరిసెలు ఎక్కుతాయి. వాళ్ల ప్రార్థన జరుగుతున్నప్పుడు మెట్లమీద అరవకూడదని పిల్లలకి ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు.

ఇక పండుగలే లేని ఒక ఏడాది సంగతి చెప్పాలి. మా మామగారు సంక్రాంతి వెళ్లాక, పుష్య బహుళంలో పోయారు. ఆ ఏడాదంతా ఇంట్లో పండుగలు లేవు. ఉగాది పచ్చడి లేదు, పాలవెల్లి కట్టలేదు, దీపావళికి మతాబులు లేవు. రోజూ దేవుడి దగ్గర దీపం మాత్రం పెట్టాం. పెద్దవాళ్లకి ఆనవాయితీ తెలుసు, పిల్లలకి ఎలా తెలుస్తుంది? చవితి రోజు పాప నిలదీసింది: "మనకి దేవుడి మీద కోపం వచ్చిందా?"

నా నోట మాట రాలేదు. అత్తయ్యగారే దాన్ని దగ్గరికి తీసుకుని, "కోపం కాదమ్మా. తాతయ్య లేడని ఇల్లు కాస్త ఊరుకుంది. మనకి బెంగగా ఉన్నప్పుడు దేవుడు తొందరపెట్టడు" అన్నారు. అది ఇంకేమీ అడగలేదు. పక్కింటివాళ్లు కథ వినడానికి పిలిస్తే వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు కుడిచెయ్యి పిడికిలి బిగించి తెచ్చింది. కథ అక్షతలు. తన తలమీద వేసుకోగా మిగిల్చినవి. "నాన్నమ్మా, వంగు" అంది. ఆవిడ వంగారు. ఆ చెమటపట్టిన చేతికి అంటుకున్న గింజల్ని కూడా దులిపి ఆవిడ జుట్టులో వేసింది.

సంక్రాంతి నెలలో హరిదాసు రాక మానలేదు. పండుగ లేకపోయినా దానం ఉంటుంది కదా. రోజూ చిడతల చప్పుడు వినబడగానే బాబు బియ్యం డబ్బా దగ్గరికి పరుగు. ఆయన తలమీది అక్షయపాత్ర దించరు. బాబు కోసం మోకాళ్లమీద కూర్చుని తల నిలిపేవారు. వీడు గుప్పెడు బియ్యం పోస్తే సగం పాత్రలో, సగం ఆయన భుజంమీద. దులుపుకోకుండానే దీవించి వెళ్లేవారు. ఆ పండుగల్లేని ఇంట్లో పిల్లవాడి చేతికి పని దొరికింది అక్కడే.

సంవత్సరీకం పుష్యమాసంలో అయిపోయింది. ఆ తరవాత వచ్చిన మొదటి పండుగ రథసప్తమి. ఏ ఇంట్లోనైనా చిన్నగా చేసుకునే పండుగ అది, మాకు ఆ ఏడు పెద్దదైపోయింది. తెల్లవారకముందే, పిల్లల చేతికివ్వకుండా మేమే తలమీద జిల్లేడాకులూ రేగుపళ్లూ పెట్టి స్నానాలు పోశాం. పాలు పొంగించడానికి సంక్రాంతి గొబ్బెమ్మల్ని పిడకలు చేసి ఎండబెట్టుకోవడం వాడుక. మాకు గొబ్బెమ్మలు పెట్టే యోగం లేకపోయింది కాబట్టి పక్కింటావిడ తనవే తెచ్చి ఇచ్చింది. ఎండ పడే చోట డాబామీద ఇటుకలు పేర్చి, పిడకలు అంటించి, ఇత్తడి గిన్నె ఎక్కించాం.

చిక్కుడుకాయల రథం కట్టడం పిల్లల వంతు. కొత్త చీపురులోంచి నాలుగు ఈనెలు తీసిచ్చారు అత్తయ్యగారు. కాయని అంచున గుచ్చితే చీలిపోతుంది. రెండు గింజలకి మధ్య అడ్డంగా గుచ్చి మెల్లగా తిప్పుతూ దింపాలి. బాబు మొదటి కాయ రెండు ముక్కలైంది. రెండోదీ అంతే. నాన్నమ్మ వాడి చేతిమీద చెయ్యి వేసి ఒక్కసారి దింపి చూపించి చెయ్యి తీసేశారు. తరవాతది నిలిచింది. నాలుక బయటపెట్టి మరీ గుచ్చాడు మిగిలినవి. పాప అడ్డంగా నిలువుగా కలిపి చట్రం కట్టింది. అయ్యిందనుకుంటే బాబు ఒప్పుకోలేదు: "చక్రాలేవీ? చక్రాలు లేకపోతే సూర్యుడు ఎలా వెళ్తాడు?" తల మీద పెట్టుకోగా మిగిలిన రేగుపళ్లు తెచ్చి నాలుగు మూలలా గుచ్చాడు.

పాలు పొంగాయి. కొత్తబియ్యం పోసి, బెల్లం వేసి పరమాన్నం దించి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపించాం. రథంలో ఎవరిని కూర్చోబెట్టాలని పిల్లలిద్దరికీ కాసేపు వాదన. సూర్యుడు పైనున్నాడుగా అని పాప, దిగి వస్తాడని బాబు. అత్తయ్యగారు ఒక పువ్వు పెట్టి తేల్చారు. పరమాన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారావిడ. ఏడాది తరవాత.

ఈసారి మీరూ మీ పిల్లలతో రథం కట్టిస్తారు కదూ? లేత చిక్కుడు తేకండి, ఈనె దిగగానే నలిగిపోతుంది. గింజ కట్టిన కాయ తీసుకోండి. చక్రాలు కావాలంటే బాగా పండిన రేగుపళ్లు పనికిరావు, దోరవి ఏరుకోండి. ఓ గుప్పెడు కాయలు ఎక్కువే తెచ్చుకోండి, మొదటి నాలుగూ ఎలాగూ విరుగుతాయి. విరిగినవన్నీ మధ్యాహ్నం కూరలోకి.