ప్రొద్దుటూరు వాన లెక్క



వాన కబురు నమ్మొచ్చా అని మీరు తరచూ అడుగుతుంటారు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ విత్తేవాళ్లకు, పులివెందుల చీనీ తోటల వాళ్లకు అది కాలక్షేపం ప్రశ్న కాదు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి నుంచి మన కడప జిల్లాలో ఎవరికీ కాదు. అందుకే ఈసారి ఆ కబురు ఎలా తయారవుతుందో రాస్తున్నాను.

వాతావరణ మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి ఎలా మారతాయో లెక్కగడుతుంది. మన దేశపు మోడల్‌లో గడి మొన్నటిదాకా 12 కిలోమీటర్లు. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. వెడల్పు సగమైతే గళ్లు నాలుగింతలవుతాయి. కాలాన్నీ చిన్న అంగల్లో లెక్కించాలి కాబట్టి పని దాదాపు ఎనిమిదింతలు. ఇలాంటి లెక్కల కోసమే పుణెలో 11.77 పెటాఫ్లాప్స్ వేగమున్న అర్క సూపర్‌కంప్యూటర్ పెట్టారు.

యంత్రం కొనడంతో పని అయిపోదు. అసలు కష్టం దానిలోని ప్రాసెసర్లకు పని పంచడంలో ఉంది. ప్రొద్దుటూరు గళ్లు ఒక ప్రాసెసర్‌కు, జమ్మలమడుగువి ఇంకోదానికి, పులివెందులవి మూడోదానికి ఇచ్చామనుకోండి. జమ్మలమడుగు మీద లేచిన మబ్బు పెన్న వెంబడి ప్రొద్దుటూరు వైపు కదిలితే? అందుకని ప్రతి ప్రాసెసర్ తన వాటా అంచున పొరుగు గళ్ల నకలు ఒక వరస ఉంచుకుంటుంది. ప్రతి అంగకూ ఆ వరసను పొరుగుదాన్ని అడిగి తాజా చేసుకుంటుంది. ఆ జవాబు వచ్చేలోగా ఖాళీగా కూర్చోకుండా లోపలి గళ్ల లెక్క ముగించేలా కోడ్ రాయడంలోనే నేర్పంతా ఉంది. పులివెందుల మీద మాత్రమే కుంభవృష్టి పడుతోందా, ఆ ప్రాసెసర్‌కు లెక్క పెరుగుతుంది, మిగతా రెండూ దానికోసం ఆగాలి. పనిలో పంచడానికి వీల్లేని భాగం నూటికి అయిదు వంతులున్నా చాలు, లక్ష ప్రాసెసర్లు పెట్టినా వేగం ఇరవై రెట్లు దాటదు. జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పిన సంగతి ఇది.

ఈ విద్యలో మనవాళ్లు ముందే అడుగుపెట్టారు. 1980ల చివర వాతావరణం కోసం ఢిల్లీకి తెచ్చిన క్రే యంత్రంలో ఉన్నది ఒకే ప్రాసెసర్. అంతకుముందే, 1986లో, బెంగళూరులోని ఇప్పటి నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్ పుట్టింది. అప్పటి డైరెక్టర్ రొద్దం నరసింహ. ఇంటిపేరులోని రొద్దం మన పక్కనున్న పాత అనంతపురం జిల్లా ఊరే. యు.ఎన్. సిన్హా బృందం ఢిల్లీలోని టీ-80 వాతావరణ మోడల్‌ను ఆ యంత్రం మీద పంచి నడిపింది. ఆ మోడల్ వాతావరణాన్ని భూమి చుట్టూ తిరిగే అలలుగా లెక్కిస్తుంది. ఒక్కో అల ప్రతి ఊరికీ సంబంధించిందే కాబట్టి పొరుగువాణ్ణి అడిగితే సరిపోదు, ప్రతి ప్రాసెసర్ మిగతా అన్నింటితోనూ మాట్లాడాలి. చేతిలో ఉన్న కొద్దిపాటి పరికరాలతో వాళ్లు సాధించిన ఆ పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

ఇక మన పిల్లల సంగతి. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ప్రొద్దుటూరు యోగివేమన ఇంజినీరింగ్ కాలేజీలో చదివే వాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే ఈ ఉత్తరం చూపించండి. ప్రాసెసర్ల మధ్య కబుర్లు నడిపే ఎంపీఐ, డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ మోడల్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ మీదే కడప జిల్లాను నాలుగు వాటాలుగా పంచి చూడొచ్చు. ఎవరైనా నడిపి చూస్తే, ఒక్క కోర్‌తో ఎంతసేపు పట్టిందో, నాలుగింటితో ఎంత పట్టిందో నాకు రాయండి. వచ్చే ఉత్తరంలో ఆ అంకెలు అచ్చువేస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు