మా పాల్వంచ బాగుపడిందా, పడిపోయిందా?

దసరా సెలవులు అయిపోయిన వారంలో మా మరిది హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. నేను అప్పుడే దోసెల పిండి రుబ్బడం మొదలుపెట్టాను. మిక్సీ ఆపి స్పీకర్ ఆన్ చేస్తే మా వారూ వచ్చి నిలబడ్డారు. "అన్నయ్యా, పాల్వంచ ఇల్లు అమ్మేద్దాం. ఇప్పుడైతే రేటు వస్తుంది. ఊరు పడిపోతోంది, ఇంకో ఐదేళ్లు ఆగితే అడిగేవాడుండడు" అన్నాడు. మా వారు "చూద్దాంలే" అని పెట్టేశారు. చూద్దాంలే అంటే ఆయన భాషలో చూడరు అని అర్థం.

నిజం చెప్పాలంటే, అమ్మేద్దామన్న ఆలోచన నాకూ ఉంది. బాబు హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం. పాప ఇంటర్ రెండో సంవత్సరం, వచ్చే ఏడు తనూ అక్కడికే పోతుంది. ఇద్దరూ అక్కడుంటే ఇక్కడ మేమేం చేస్తాం? ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కుని మామయ్యని కూడా తీసుకుపోవచ్చు కదా అని నేనే ఒకటికి రెండుసార్లు అన్నాను. కానీ "ఊరు పడిపోతోంది" అని ఇంకొకరి నోట వినేసరికి ఎందుకో గుచ్చుకుంది. అమ్మాలనుకోవడం వేరు, ఆ మాట వేరు.

మాది వైరా దగ్గర పల్లె. 2002లో పెళ్లయి పాల్వంచ వచ్చాను. చెరువూ వరిమళ్లూ చూసిన కళ్లకి ఇక్కడి చిమ్నీలూ కూలింగ్ టవర్లూ చూస్తే భయమేసింది. డమరుకంలా నడుం సన్నగా ఉన్న ఆ టవర్ల మీంచి తెల్లగా మబ్బులు లేస్తుంటే "అంత పొగా!" అన్నాను. అప్పుడు మామయ్య నవ్వి, "పొగ కాదమ్మా, అది ఆవిరి. యంత్రంలో వేడెక్కిన నీళ్లని పైనుంచి జల్లెడలో పోసినట్టు కిందికి పోసి చల్లారుస్తాం. మన ఇంట్లో పాలు తిరగబోసినట్టే" అన్నారు. థర్మల్ స్టేషన్ గురించి నాకు అర్థమైన మొదటి పాఠం అదే. ఇప్పటికీ పాలు చల్లార్చినప్పుడల్లా గుర్తొస్తుంది.

మామయ్య 1976లో ఆ స్టేషన్‌లో చేరి 2010లో రిటైరయ్యారు. మా ఊరి కథంతా దాని చుట్టూనే ఉంది. సింగరేణి బొగ్గు పక్కనే ఉంది, కిన్నెరసాని నీళ్లు ఉన్నాయి, అందుకని 1966-67 నుంచి ఒక్కొక్క యూనిట్టూ పెట్టుకుంటూ 1978 నాటికి ఎనిమిది చేశారు. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ కూడా వచ్చాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కాలనీలు నిండాయి. స్థానికులకి ఉద్యోగాలు కావాలని 1969లో లేచిన తెలంగాణ ఉద్యమానికి మొదటి నిప్పురవ్వ పడింది కూడా ఈ థర్మల్ స్టేషన్ దగ్గరే. ఉద్యోగం అన్న మాటకి మా ఊళ్లో అంత బరువుంది.

ఆ పాత యూనిట్లన్నీ 2020 నాటికి మూతబడ్డాయి. 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లనీ మందుగుండు పెట్టి కూల్చేశారు. ఊరంతా మేడలెక్కి ఫోన్లు పట్టుకుని నిలబడింది. మామయ్య మాత్రం పైకి రాలేదు. వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. గుభేల్మన్న చప్పుడుకి ఇంటి కిటికీలు అదిరాయి, కొద్ది క్షణాల్లో అన్నీ నేలమట్టం. నేను దిగి వచ్చేసరికి పేపరు తలకిందులుగా ఉంది. కాఫీ ఇస్తే తాగి ఒక్కటే మాటన్నారు: "అప్పుడు ఎనిమిది యూనిట్లు కలిపి 720 మెగావాట్లు. ఇప్పుడు కొత్తది ఒక్కటే 800. దానికి అంతమంది మనుషులు అక్కర్లేదమ్మా."

ఊరు పడిపోతోందో లేదో అందులోనే ఉందనిపించింది. కరెంటు తగ్గలేదు, పెరిగింది. తగ్గింది మనుషులు.

మరిది ఫోన్ తర్వాత రెండు రోజులు నాకు ఇదే ఆలోచన. మూడో రోజు పద్దుల పుస్తకం వెనక పేజీలో నిలువు గీత గీసి, ఒక వైపు "బాగుపడింది", ఇంకో వైపు "పడిపోయింది" అని రాసుకున్నాను. బీఏలో తెలుగు చదివినదాన్ని, వ్యాసం రాయమంటే రాస్తాను గానీ, ఇంటి విషయానికి పద్దు రాస్తేనే నిజం బయటపడుతుంది.

బాగుపడిన వైపు రాయడానికి చాలానే దొరికాయి. 2016లో జిల్లా విడిపోకముందు ఏ పెద్ద ఆఫీసు పనికైనా ఖమ్మం పోవాలి. పొద్దున్నే పులిహోర కట్టుకుని బస్సెక్కితే, సారు సెలవులో ఉన్నారంటే మళ్లీ ఇంకో రోజు. ఇప్పుడు కలెక్టరేటు మన దారిలోనే ఉంది. 2023 జనవరిలో అది తెరిచాక నేను పాప స్కాలర్‌షిప్ కాగితం పని మీద పోయి, పొయ్యి మీద పప్పు చల్లారేలోపు తిరిగొచ్చాను. కొత్తగూడెంలో మెడికల్ కాలేజీ వచ్చింది. రోడ్డు వెడల్పయింది, వీధి దీపాలు వచ్చాయి. 2025లో కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేశారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆడపిల్ల సైకిల్ తొక్కితే తిరిగి చూసేవాళ్లు. ఇప్పుడు మా పాప సాయంత్రం ఏడింటికి ట్యూషన్ నుంచి స్కూటీ మీద ఒక్కతే వస్తుంది.

పడిపోయిన వైపు రాయడానికి కొంచెం ఆలస్యమైంది, రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. షిఫ్టు మారే వేళ సైకిళ్లూ స్కూటర్లూ బారులు తీరేవి. బి షిఫ్టు వాళ్లకి క్యారియర్లు సర్దే హడావిడిలో మా వీధిలో ఆడవాళ్లందరం ఒకేసారి తాలింపు వేసేవాళ్లం. ఇప్పుడా వాసన లేదు. ఒకటో తారీఖు వచ్చిందంటే మిఠాయి కొట్టు నుంచి చీరల కొట్టు దాకా కళకళ. నాకు జాకెట్లు కుట్టే అక్క మొన్న ఏడాది మిషన్లు అమ్ముకుని కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. మా వారిది మోటార్ల వైండింగ్ షాపు. ఇద్దరు కుర్రాళ్లుండేవారు, ఇప్పుడు ఒక్కడే. మా వీధిలో పద్నాలుగు ఇళ్లుంటే తొమ్మిదింట్లో ముసలివాళ్లే. రాత్రి తొమ్మిదికి అన్ని ఇళ్లలోనూ వరండా లైటు ఒక్కటే వెలుగుతుంది.

ఒక సంగతి ఎటు రాయాలో తెలియలేదు. ఆ తొమ్మిదిళ్ల పిల్లలూ చదువుకున్నవాళ్లే. హెల్పర్ల పిల్లలు, ఫిట్టర్ల పిల్లలు ఇంజినీర్లయ్యారు, నర్సులయ్యారు, దేశాలు పట్టిపోయారు. ఒక్క జీతంతో ఇల్లు కట్టి, ఇద్దరు ముగ్గుర్ని చదివించి పంపించిన ఊరిది. ఊరు ఖాళీ అయింది పడిపోయి కాదు, తన పని చేసి. దాన్ని ఎటు వైపు రాస్తాం? గీత మీదే రాశాను.

బోడకాకరకాయలు అమ్మే అక్క వస్తే ఆమెనీ అడిగాను. కిన్నెరసాని వైపు అడవి ఊరు ఆమెది, కోయవాళ్లు. వానాకాలమైతే బోడకాకర, పుట్టగొడుగులు, తర్వాత సీతాఫలాలు, ఎండాకాలం చింతపండు, ఎప్పుడూ విస్తరాకులు. "ఊరు బాగైందా అక్కా?" అంటే గంప దింపి కాసేపు ఆలోచించింది. "ఎనకటికి నడిచొచ్చేదాన్ని, ఇప్పుడు ఆటోలో వస్తున్నా. ఎనకటికి కాలనీలో అమ్మలు కిలోలు కిలోలు కొనేటోళ్లు, ఇప్పుడు పావుకిలో. అయితే పెద్దమ్మ గుడికాడ కూసుంటే భద్రాచలం పోయే కార్లు ఆగుతున్నయి" అంది. లేస్తూ లేస్తూ, "ఈ కాలనీలు కట్టక ముందు ఇదంతా అడవేనంట, మా నాయనమ్మ చెప్పేది" అంది. మా లెక్క 1966 నుంచి మొదలవుతుంది. ఆమె లెక్క అంతకు ముందు నుంచి. నేను పుస్తకం మూసేశాను.

ఇంకో మాట కూడా పద్దులో రాయలేకపోయాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేసేలోపే మా ఆడపడుచు వాళ్లు పిల్లల్నీ, కాగితాల సంచినీ తీసుకుని మా ఇంటికొచ్చేశారు. పై పోర్షన్‌లో తొమ్మిది రోజులున్నారు. వాళ్లింట్లో నీళ్లు తగ్గి బురద కడుక్కునే దాకా రెండు కుటుంబాలకీ ఒకటే పొయ్యి. అలాంటి ఇంటికి రేటు కట్టమంటే ఏం కడతాం?

ఆ పై పోర్షన్ ఏడాదిగా ఖాళీగా ఉంది. టు లెట్ బోర్డు ఎండకి వెలిసిపోయింది. దీపావళి అయ్యాక ఇద్దరమ్మాయిలు వచ్చి అడిగారు. ఇద్దరూ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్లు, ఒకమ్మాయిది అశ్వాపురం వైపు, ఇంకొకమ్మాయిది ములకలపల్లి వైపు. నేను అద్దె, కరెంటు బిల్లు, నీళ్ల సంగతి మాట్లాడుతుంటే మామయ్య వరండాలోంచి ఒక్కటే ప్రశ్న వేశారు.

"పర్మనెంటా అమ్మా?"

"కాదు తాతగారూ, అవుట్‌సోర్సింగ్."

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఇక అద్దెకి వద్దంటారేమో అనుకున్నాను. మెల్లిగా అన్నారు: "నేనూ మొదట ఎన్‌ఎంఆర్‌నే అమ్మా. రోజు కూలీ. పనికి పోతే డబ్బులు, పోకపోతే లేదు. పర్మనెంట్ కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఊరికే ఇవ్వలేదు, అందరం కలిసి అడిగితే ఇచ్చారు. మీరూ అడగండి."

ఇరవై ఏళ్లకి పైగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆయన రోజు కూలీగా మొదలయ్యారని నాకు అప్పుడే తెలిసింది. పర్మనెంట్ ఉద్యోగమన్నది టవర్ల లాగా ఈ ఊళ్లో ఎప్పట్నుంచో నిలబడి ఉన్నదనుకున్నాను. దాన్నీ ఎవరో కట్టారు.

ఆ రాత్రి మరిదికి నేనే ఫోన్ చేశాను. "ఊరి సంగతి నేను పద్దు రాసి చూశాను. పడిపోతోందని చెప్పలేను, బాగుపడుతోందనీ చెప్పలేను. ఇల్లు అమ్మాలంటే ఊరి మీద నెపం పెట్టొద్దు. నీకేమైనా డబ్బు అవసరమా, అది చెప్పు" అన్నాను. అటు వైపు చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత, "వదినా, ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఫ్లాట్ ఈఎంఐ కట్టలేకపోతున్నా. నాన్నకి చెప్పొద్దు" అన్నాడు.

మూడు నెలలు! దసరాకి వచ్చి, జమ్మి కొట్టి, పిల్లలకి కొత్త బట్టలు పెట్టి, మామూలుగా నవ్వుతూ తిరిగి వెళ్లాడు. మేమేమో హైదరాబాద్‌లో అంతా పర్మనెంట్ అనుకుంటూ ఇక్కడ కూర్చుని మా ఊరి గురించి బాధపడుతున్నాం.

మా వారికి చెప్పాను. ఆయన ఈసారి "చూద్దాంలే" అనలేదు. మర్నాడే నా గాజులు, పాప కోసం చేయించిన గొలుసు బ్యాంకులో పెట్టి ఆరు నెలల ఈఎంఐకి సరిపడా పంపించాం. పై పోర్షన్ అద్దె కూడా కొన్నాళ్లు అతనికే పంపుదామనుకున్నాం. మామయ్యకి చెప్పలేదు గానీ ఆయనకి తెలిసిపోయిందనుకుంటాను. మొన్న ఫోన్‌లో చిన్న కొడుకుతో, "సంక్రాంతికి ముందే రా. పిల్లలకి సెలవులివ్వగానే పంపించెయ్, ఇక్కడ ఖర్చేముంటుంది" అంటుంటే విన్నాను.

ఇల్లు ఎప్పటికీ అమ్మం అని ఒట్టు పెట్టుకోలేదు. పాప చదువు ఏమవుతుందో, షాపు ఏమవుతుందో చూడాలి. కానీ ఇప్పుడు అమ్మం. ఊరు బాగుపడుతుందన్న నమ్మకంతో కాదు. ఇంట్లో ఒకరు కింద పడ్డప్పుడు వచ్చి నిలబడడానికి ఒక చోటుండాలి, అందుకు.

పై పోర్షన్ అమ్మాయిలు రాత్రి ఎనిమిదికి వస్తారు. పై కిటికీలో లైటు పడుతుంది, కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. మామయ్య గడియారం చూసి, "బి షిఫ్టు వాళ్లు వచ్చారు" అంటారు. మొదట్లో తప్పు మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. కాదు, సరదాకి అంటున్నారు.

మీ ఊళ్ల సంగతేమిటి? ఫ్యాక్టరీ మూసినవి, గని మూసినవి, కొత్తగా జిల్లా కేంద్రమైనవి... మీరూ ఓసారి పద్దుల పుస్తకం వెనక పేజీలో గీత గీసి చూడండి. గీత మీద ఏం మిగిలిందో నాకు రాయండి.